కొలువుకొండలో సొరంగము

గుంటూరునుండి గుంతకల్లుకు పోవు ఇనుపదారిలో దొనకొండ దాటిన పిదప మార్కాపురము రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు వరుసగా వచ్చును. గిద్దలూరు విడిచి దిగువమెట్ట చేరునప్పటికి నల్లమల ఎదురుగా నిలిచి, అంతవరకు బయలుసీమలో నిరాటంకముగా సాగిన దారిని గాజులపల్లె వరకు వంపులు త్రిప్పి, సొరంగములలో దూర్చి, లోయలు దాటించును. ఈ సీమలో పుట్టిన పిల్లవాడు తన రైలుబొమ్మకు ఒక కొండ కట్టదలచినచో దానికి నమూనా వెదకుకొనుచు దూరము పోనక్కరలేదు.

ఆ దారి కరవులో పుట్టినది. 1876-78 నడుమ ధాత, ఈశ్వర సంవత్సరములలో వానలు తప్పి, బళ్లారి, కర్నూలు, కడప సీమలలో జనులు అసంఖ్యాకముగా మడిసిరి. ఒకచోట ధాన్యము ఉన్నను, దానిని వేళకు మోసికొనివచ్చు ఎడ్లకే మేత లేకపోయెను. 1880 నాటి క్షామవిచారణ సంఘము రైలుమార్గములను కరవుకు ప్రధాన ప్రతిక్రియగా చెప్పగా, బళ్లారిసీమను కృష్ణాతీరముతో కలుపు మీటరు గేజి మార్గము ఆ దశకముననే నల్లమలను చొచ్చెను. అడవి నడిమి దొరబావి వంతెన ఆ కాలపు కట్టడమే. ఈ దారిని నడిపిన సదరన్ మరాఠా రైల్వే 1882లో ఏర్పడి, 1908లో మద్రాసు రైల్వేతో కలిసి ఎం. అండ్ ఎస్. ఎం. రైల్వే అయినది; అది 1951లో దక్షిణ రైల్వేలో కలిసినది, 1966 తరువాత ఈ దారి దక్షిణమధ్య రైల్వే క్రిందికి వచ్చినది. దొనకొండలో ఆవిరి ఇంజన్లకు షెడ్డును, దాని చుట్టు రైల్వేవారి ఇండ్లును వెలసి, ఒక పల్లె రైలుకూత ననుసరించి నిద్రలేచు ఊరైనది.

బొమ్మకొండ మాత్రము రైలుకంటె పాతది. సంక్రాంతికి కొందరు, దసరాకు కొందరు తెలుగు ఇండ్లలో బొమ్మల కొలువు తీర్చుట ఆచారము. మెట్లపై దేవతామూర్తులు కొలువుండగా, మెట్ల ముందరి నేలపై ఒక చిన్నలోకము వెలయును: ముందుగనే చల్లి మొలకెత్తించిన ఆవాలు, మెంతులు అందు పైరుచేలు, అద్దపు ముక్క చెరువు, బంకమట్టి కుప్ప కొండ. రైలుబండి ఈ లోకమునకు వచ్చి చేరినప్పుడు దానికొరకు వేరొక సృష్టి అక్కరలేకపోయెను. ఉన్న కొండకు రెండు నోళ్లు పెట్టుటయే మిగిలెను. బండి విషయమునను మనకు కొరత లేదు. వరాహనదీ తీరమున ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగు లద్ది, ఇంజనును పెట్టెలను చేసిరి. తిరునాళ్లలో తాళపుచెవి త్రిప్పిన పరుగెత్తు రేకుబండ్లు వచ్చినవి. పడమటి దేశములలో, జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో గేజి అంకెలు నిర్ణయించిన బొమ్మపట్టాలను ప్రదర్శించెను. లివర్‌పూలులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చు బండ్లను విపణికి తెచ్చి, తరువాత రంగులచ్చు వేసిన రేకు సొరంగములనుగూడ అమ్మెను. ఆ రేకు సొరంగము చక్కనిదే. కాని దానిని ఏ దేశమున పెట్టినను అది ఒకటే కొండ. ఇంటిలో కట్టిన కొండకో, ఆ ఇంటి వాకిట నిలిచి చూచిన కనబడు కొండ పోలిక తప్పక వచ్చును. అందుచేతనే నాకు ఇంటి కొండయే మేలనిపించును.

ఈ పనిలో నన్ను మిక్కిలి ఆకర్షించు సంగతి యొకటి కలదు: బొమ్మసొరంగమును ఎవ్వరును తవ్వరు. నల్లమలలో కొండ మొదట ఉండెను; మనుష్యులు రాతికి రంధ్రములు వేసి, మందు కూరి పేల్చి, ఆ రాళ్లను గంపల కెత్తి, పట్టాలకు చోటు సంపాదించిరి. ఇంటిలో పట్టాలు మొదట పరచబడును, కొండ తరువాత వచ్చి వానిపై కూర్చుండును. సొరంగ మనగా అక్కడ కొండ ఆక్రమింపక విడిచిన చోటు. కనుక తెలిసినవారు మట్టి ముట్టుటకు ముందే తమ బండ్లలో పొడవైన పెట్టెను ఆ వంపుపై మెల్లగా నడిపి చూతురు. ఏలయన వంపు తిరుగునప్పుడు పెట్టె కొనలు వెలుపలికి, నడుము లోపలికి జరుగును, ఆ జరుగుబాటునకు చోటు విడువనిచో బండి గోడకు ఒరసికొని నిలిచిపోవును. పిదప వెదురుబద్దలు వంచి కమానులు నిలిపి, వాని చుట్టు నలిపిన పాతకాగితములు పేర్చి, ఉడికించిన మైదాజిగురులో ముంచిన కాగితపు చీలికలను పొరపై పొరగా అంటించి, ఒక పొర ఆరిన తరువాతనే మరియొక పొర వేయవలెను. తొందరపడినవాని కొండ క్రుంగును. మన స్త్రీలు పాతకాగితములు నానబెట్టి, మెంతులతో రుబ్బి, చేటలకు బుట్టలకు మెత్తు గుజ్జు దీనికి మిక్కిలి అనుకూలము. కొండపల్లివారు రంపపుపొట్టును చింతగింజల పిండితో కలిపి చేయు మక్కు, సొరంగపు నోటి అంచులు తీర్చుటకు అంతకంటె గట్టిది. క్రిస్మసుకు పశువులపాక కట్టువారు సిమెంటు సంచుల కాగితమును నలిపి గుహ చేయుట చూచినవారికి ఈ విద్య సగము తెలిసినట్లే.

రాతి విషయమున దొనకొండవారికి గల భాగ్యము ఇతరులకు లేదు. ఈ సీమ శిలలను విలియం కింగ్ 1872లో భూవిజ్ఞాన శాఖ గ్రంథముగా వర్ణించెను. నల్లమల శ్రేణిలో బైరేనికొండ స్ఫటికశిలలును, కంభము పేరుతో పిలువబడు పలకరాళ్లును ప్రధానములని తరువాతివారు వివరించిరి. తెలుగుబాలలు తరతరములుగా అక్షరములు దిద్దిన మార్కాపురము పలకలు ఆ రాతి జాతివే. పలకలు కోయగా మిగిలిన తునకలను ఒక వైపునకు వాల్చి, పొరలు కనబడునట్లు సొరంగపు నోటికి ఇరుప్రక్కల పేర్చిన, అది కొండకు పోలిక కాదు, కొండయే. జేగురు, సున్నము, దీపపు మసి తప్ప వేరు రంగులు దానికి అక్కరలేదు.

కొలత యొక్కటి మాత్రము లొంగదు. హార్న్‌బీ సంస్థ 1938లో తెచ్చిన చిన్నబండ్ల పద్ధతిలో అడుగునకు నాలుగు మిల్లీమీటర్లు. ఆ లెక్కన వేయి అడుగుల కొండకు నాలుగు మీటర్ల ఎత్తు కావలెను, అంత ఎత్తు ఏ ఇంటి కప్పును ఓర్వదు. అందుచే బొమ్మకొండ ఎప్పుడును తన బండికంటె చిన్న కొలతలోనే పుట్టవలెను. కీ బండి ఎగువ ఎక్కజాలదు గావున దారి సమతలముగనే ఉండును. ఎత్తంతయు కొండయే చూపవలసియుండును. పాదమున పెద్ద గులకలు, శిఖరమున ఇసుకంత సన్ననివి ఉంచినచో కన్ను ఆ లోటును తానే పూరించుకొనును.

గత శతాబ్ది చివరి దశకమున 1,000 మిల్లీమీటర్ల దారి 1,676 మిల్లీమీటర్లకు వెడల్పయినప్పుడు, నల్లమలలో కొన్నియెడల దారియే ప్రక్కకు జరిగి, క్రొత్త సొరంగము తొలువబడి, దొరబావి వంతెనకు బండ్ల రాక తప్పినది. దొనకొండ షెడ్డు పనియు ముగిసినది. ఆ వంతెనను, షెడ్డును ఆ ఊరి బడిపిల్లలు ఒక బల్లమీద కట్టి నిలుపవలెనని నా కోరిక. బల్లకు ఒక కొనను దొనకొండ యార్డు చదునుగా ఉండనిండు; రెండవ కొనను పలకతునకల నల్లమల లేవనిండు. నిజమైన సొరంగములో గ్యాంగుమనుష్యులు బండి వచ్చువేళ ఒదిగి నిలుచుటకు గోడలలో గూళ్లు విడుతురు. అట్లే బొమ్మకొండకు వెనుకవైపు చేయి పట్టునంత సందు విడిచి, దానిపై తీసిపెట్టుకొను పలక యొకటి మూయవలెను, లేనిచో లోపల పట్టాలు తప్పిన పెట్టెకొరకు కొండనంతయు పగులగొట్టవలసి వచ్చును.