నాలుగు బ్యాటరీలు, రెండు క్యాసెట్లు

"ఒరేయ్, ఆపరా దాన్ని! బ్యాటరీలు అయిపోతే వార్తలెట్టా తెలుస్తాయి?"

నాన్న కేకకి కుర్రాడి వేలు బటన్ మీద పడింది. టక్. పాట సగంలో తెగింది. గదిలో వాన చప్పుడొక్కటే మిగిలింది. ఆ వాన వెనక, చెవి పెట్టి వింటే, ఇంకో హోరు. గోదారిది.

1986 ఆగస్టు 15. శుక్రవారం సాయంత్రం. కోనసీమలో ఓ లంక ఊరు.

పొద్దున్న బడిలో జెండా ఎగరేసి, పిప్పరమెంట్లు పంచి, పిల్లల్ని గబగబా ఇళ్లకి తోలేశారు. అప్పటికే రేవులో మెట్లు కనపడ్డం లేదు. మధ్యాహ్నానికి కొబ్బరితోటలోకి నీళ్లు. కరెంటు ఎప్పుడో పోయింది. కిరసనాయిలు బుడ్డి చుట్టూ పురుగులు. చెమ్మ పట్టిన గోడల నుంచి తడి సున్నం వాసన. బల్ల మీద చిన్నాన్న కువైట్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్. రేడియో అదే, టేప్ రికార్డరూ అదే. రెండింటికీ ప్రాణం నాలుగు లావుపాటి బ్యాటరీలు. మామూలు రోజుల్లో నీరసిస్తే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు. ఇప్పుడు ఎండేదీ? అమ్మ వాటిని పొయ్యిగట్టు మీద పెట్టి వెచ్చబెడుతోంది. పాట వేస్తే మోటారు తిరగాలి. మోటారు తిరిగితే బ్యాటరీ దిగిపోతుంది. పాటలా? వార్తలా?

నాన్న రేడియో తిప్పాడు. గరగర. విజయవాడ కేంద్రం దొరికింది. భద్రాచలం దగ్గర 53 అడుగులొస్తే మూడో ప్రమాద హెచ్చరిక. నది ఆ గీత దాటేసి ఇంకా పైకెక్కుతోంది. అక్కడి నీళ్లు పాపికొండలు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట దిగి, లంకల మీద పడాలి. వాకిట్లోకి వచ్చింది ముందు నీరే. అసలుది వెనకాల ఉంది.

కుర్రాడి చూపు మాత్రం క్యాసెట్ల మీదే.

మోగేవి రెండే. ఆ కాలంలో చాలా ఇళ్లలో పాటల క్యాసెట్టు కొనేవాళ్లు కాదు, నింపించుకునేవాళ్లు. ఖాళీ క్యాసెట్టూ, కాగితమ్మీద పాటల జాబితా పట్టుకుని అమలాపురం బస్సెక్కి రికార్డింగ్ షాపులో ఇచ్చి వస్తే, అతగాడు రేపు రా మాపు రా అని తిప్పి తిప్పి, అరవై నిమిషాల టేపులో ఒక్కో వైపూ అరగంట అంచుదాకా కూరి, చోటు చాలక ఆఖరి పాటని చరణం మధ్యలో పుటుక్కున తెంపేసి, అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో సినిమా పేరు రాసి చేతిలో పెట్టేవాడు. చట్టం లెక్కలో అది దొంగ సరుకే. ఆ సంగతి ఎవరికి పట్టింది?

మొదటిదానికి ఒక వైపు 'శంకరాభరణం'. 1980లో విడుదలైన మొదటి రోజుల్లో హాళ్లు వెలవెలబోయిన సినిమా అది. తర్వాత దాని పాటలు కె.వి.మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరామ్‌కీ జాతీయ అవార్డులు తెచ్చిపెట్టాయి. రెండో వైపు 1983 నాటి 'సాగర సంగమం'. ఇళయరాజాకీ, మళ్లీ బాలుకీ జాతీయ అవార్డులు. రెండో క్యాసెట్టు కొత్తది. ఆ వేసవిలోనే వచ్చిన 'సిరివెన్నెల'. వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. పాటలు రాసిన సీతారామశాస్త్రికి ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది. అక్క ఆ పాటల్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వేసి నోటుపుస్తకంలోకి ఎక్కించేది. అర్థం కాని మాటల కింద గీత గీసి తెలుగు మేష్టారి దగ్గరికి పట్టుకెళ్లేది. ఇంకా రెండు పాటలు రాయాల్సి ఉంది.

"ఏవండీ! గడపలోకి వచ్చేశాయండీ!"

ఆ తర్వాత అంతా పరుగే. వీధిలో పడవ. చీకట్లో టార్చిలైట్లు. బియ్యం మూట. పొలం కాగితాలు. లేగదూడ తాడు కోసేశారు. "క్యాసెట్లమ్మా..." "నోర్ముయ్, పాటలా ఇప్పుడు!" అక్క మాట్లాడలేదు. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి లాగింది. చేతికందిన క్యాసెట్టు, నోటుపుస్తకం అందులో పడేసి, నోరు ముడేసి, స్టూలెక్కి కొబ్బరితాడుతో దూలానికి కట్టేసింది. దిగాక గుర్తొచ్చింది. రెండోది మిషన్‌లోనే ఉండిపోయింది.

టూ ఇన్ వన్ నాన్న నెత్తి మీద ఉంది. మొలలోతు నీళ్లు. పడవ అంచు పట్టుకున్నాడు. పడవ ఊగింది. నాన్న చెయ్యి జారింది.

బుడుంగ్!

తడుముకుని పైకి తీసేసరికి దాని సందుల్లోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. పాటలూ లేవు, వార్తలూ లేవు.

ఏటిగట్టు మీద బడి వరండాలో తెల్లారింది. మర్నాటి కబురు పక్కవాళ్ల ట్రాన్సిస్టర్‌లో విన్నారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైమాటే. వరండాలో ఎవరూ నోరు మెదపలేదు. ఇల్లు ఉందా?

ఉంది. నీళ్లు తీశాక వెళ్తే పెరటిగోడ లేదు. గదిలో మోకాలి లోతు ఒండ్రు. నీటి చార దూలానికి జానెడు కింద ఆగింది. సంచి ఆడుతోంది. ముడి విప్పారు. నోటుపుస్తకం పొడి. 'శంకరాభరణం' పొడి. మిషన్ తలుపు ఊడదీస్తే 'సిరివెన్నెల' నిండా బురద.

అక్క దాన్ని పారెయ్యనివ్వలేదు. అదృష్టం, అతికించిన రకం కాదు, మరల రకం. రేడియో మెకానిక్ దగ్గర సన్న స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చింది. అయిదు మరలు. పైడొల్ల లేచింది. లోపల దాదాపు తొంభై మీటర్ల గోధుమరంగు టేపు, నాలుగు మిల్లీమీటర్లైనా వెడల్పు లేదు. బావినీళ్లు బురదే కాబట్టి గంగాళంలో పట్టిన వాననీళ్లతో కడిగింది. నీడలో ఆరబెట్టింది. పాత డొల్ల పనికిరాదు. మరి వేరేది?

ఇంట్లో ఒకటే ఉంది. టేపు నలిగి మూలపడ్డ ఘంటసాల 'భగవద్గీత'. ఆ డొల్లలోకి 'సిరివెన్నెల'ని ఎక్కించి, తెగిన చోట అతుకేసి, పెన్సిల్ దూర్చి చుట్టారు. పై అట్ట గీకితే రాలేదు. వదిలేశారు. అక్కడే వచ్చింది తంటా.

కొత్త మోటారు వేయించిన టూ ఇన్ వన్‌లో ముందు బుస్సుమన్నా, కాసేపటికి వేణువు పలికింది. అతుకు దగ్గర రెండు క్షణాలు మాయం. మిగతాదంతా భేషుగ్గా ఉంది. కొన్నాళ్లకి పక్కవీధిలో ఓ ముసలాయన పోయారు. వాళ్లబ్బాయి పరుగున వచ్చి, "అత్తా, గీత క్యాసెట్టుందంట కదా" అని, అట్ట చూసి పట్టుకుపోయాడు. అక్క ఇంట్లో లేదు. తిరిగొచ్చి విషయం విని చెప్పులు లేకుండా పరిగెత్తింది. ఆమె వీధి మలుపు తిరిగేసరికే వేణువు మొదలైపోయింది. జనం లేచి ఆపలేదట. ఆ వైపు అయిపోయేదాకా విన్నారట.

ఆ క్యాసెట్టు ఇప్పటికీ అక్క దగ్గరుంది, మోగుతోంది. మీ అటక మీదా అలాంటివుంటే తియ్యండి. తియ్యగానే మాత్రం పాట వెయ్యకండి. ముందు బూజు ఉందేమో చూసి, చేత్తో మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి చుట్టి, అప్పుడు వెయ్యండి.