లవణముల నామకరణము



మన యంగళ్లలో మైలుతుత్తమును, అన్నభేదియు దొరకును. మొదటిది నీలము, రెండవది లేతపచ్చన. రెండును గంధకికామ్లమునుండి పుట్టిన తోబుట్టువులే యని యా పేర్లు చెప్పవు. ఐరోపాలోను నిట్లే యుండెను. ఒక లవణమునకు ఎప్సమ్ అను నూరి పేరు, ఇంకొకదానికి గ్లౌబర్ అను మనుష్యుని పేరు. వల్లె వేయవలసినదే గాని యూహించుటకు దారి లేదు.

ఈ పేర్లను సంస్కరింపవలెనని 1782 లో గైటన్ ద మోర్వో యను ఫ్రెంచి రసాయనజ్ఞుడు ప్రతిపాదించెను. ఆయన న్యాయవాది కూడను. మాటల చిక్కు ఆయనకు దెలియును గదా! 1787 లో లావోయిజియే, బెర్తొలే, ఫూర్‌క్రువాలతో గలిసి పారిస్ నగరమున క్రొత్త పరిభాషను వెలువరించెను. పేరులో నొకభాగము లోహమును, రెండవభాగము ఆమ్లమును దెలుపవలెను. మైలుతుత్తము కాపర్ సల్ఫేటు అయ్యెను. సల్ఫేటు వేఱు, సల్ఫైటు వేఱు. వ్యాకరణమునందువలెనే ప్రత్యయము మాఱినచో నర్థము మాఱును.

అయినను ఒక చిక్కు మిగిలెను. పాదరసము క్లోరినుతో గలిసి రెండు లవణముల నిచ్చును. ఒకటి కేలోమెల్, దానిని పూర్వపు వైద్యులు విరేచనమున కిచ్చెడివారు. రెండవది ఘోరవిషము. పాదరసపు క్లోరైడని మాత్రమే చీటి వ్రాసినచో రోగి ప్రాణమునకే ముప్పు. కావున మొదటిదానిని మెర్క్యురస్, రెండవదానిని మెర్క్యురిక్ అనిరి. ఈ తోకలకు బదులు లోహపు సంయోజకతను అంకెతోనే చూపుడని 1919 లో జర్మను పండితుడు ఆల్‌ఫ్రెడ్ స్టాక్ సూచించెను. ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది. ఆయనయే ప్రయోగశాలలోని పాదరసపు టావిరిచే చిరకాలము వ్యాధిగ్రస్తుడై, 1926 లో నా సంగతిని ప్రకటించి తోడివారిని హెచ్చరించెను.