దసరా మామూలు

పండగల మీద పుస్తకాలకి మనకి కొదవ లేదు. ఏ తిథినాడు అమ్మవారికి ఏ రంగు చీర కట్టాలో, ఏ పిండివంట నైవేద్యం పెట్టాలో అన్నీ రాసి పెట్టారు. పండగనాడు డప్పు కొట్టినోడి ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నది మాత్రం ఆ పుస్తకాల్లో దొరకదు. అది తెలియాలంటే ఆ ఇంటివాళ్లే చెప్పాలి. మాది ఆ ఇల్లే గనక చెప్తున్నాను.

సోంపేటకి దగ్గర్లో ఒక ఊరి మాలపేట మాది. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస - సముద్రం పక్కనున్న ఈ ఇసక నేలని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని చెప్తారు. కొబ్బరి, జీడి, పనస, మునగ. చూడ్డానికొచ్చినవాళ్లు ఇది మరో కోనసీమ అని మురిసిపోతారు. తోట ఉన్నోడికి కోనసీమే. చెట్టెక్కి కాయ దింపినోడికీ, పీచు కొట్టి తాడు పేనినదానికీ అది కూలి దొరికే చోటు, అంతే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మేం గంజాం జిల్లావాళ్లం. తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. జిల్లాలు మూడు మారాయి. మా పేట మాత్రం ఊరికి ఆ చివరే ఉండిపోయింది.

ఈ నేల మీద దసరా ఎప్పుడొస్తుందో చూడండి. ఊడ్పులూ కలుపులూ అయిపోతాయి. వరి ఇంకా పొట్ట మీద ఉంటుంది. కోతలు కార్తీకం గడిస్తే గానీ రావు. అంటే కూలోడికి పని లేని రోజులు, కుండలో గింజ లేని రోజులు. సంక్రాంతి పంట ఇంటికొచ్చాక వస్తుంది కాబట్టి కూలి ఇంట్లో కూడా నాలుగు అరిసెలు వేగుతాయి. దసరాకి అదేం లేదు. సోడి అంబలి, దొరికితే బారువ నుంచి బెస్తలు తట్టల్లో తెచ్చే ఎండు చేపలు. బుగతోరింట్లో బూరెలు వేగే రోజునే మా ఇంట్లో అప్పు పుట్టేది. కుంచం ధాన్యం పట్టుకొస్తే కళ్లంలో కుంచంన్నర కొలవాలి. మా నాయనమ్మకి దసరా అన్న మాటే రాదు. "అప్పుల పండగ" అనేది.

ఆయుధపూజనాడు బుగతోరి సాలలో నాగలి కడిగి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. కాడికి పెట్టేవారు, బండి చక్రానికి పెట్టేవారు, ఎడ్ల కొమ్ములకి పెట్టేవారు. ఏడాది పొడుగునా ఆ నాగలి పట్టిన కంబారి మా పెదనాన్న. ఆయన వీధిలో నిలబడి చూసేవాడు. నాగలికున్న మడి నాగలి పట్టిన చేతికి లేకపోయింది. పాండవులు ఆయుధాల్ని శవంలాగ మూటగట్టి జమ్మిచెట్టుకి వేలాడదీశారని మేష్టారు పాఠం చెప్తుంటే నాకు నవ్వొచ్చేది. శవమంటే ఊళ్లోవాళ్లు దూరం పోతారేమో గానీ కాటికాపరి పోతాడా? మావాళ్లెవరో చూసే ఉంటారు. చూసి ఊరుకుని ఉంటారు.

నవరాత్రులు తొమ్మిది రోజులూ డప్పు మాది. గుడి ముందు, పులివేషాల ముందు, దశమినాడు జమ్మిచెట్టు దాకా నడిచేటప్పుడు కూడా డప్పు ముందుండాలి. కొట్టేవాడు మాత్రం గుడి మెట్టు ఎక్కకూడదు. తొమ్మిది రోజులు కొట్టినందుకు ఇచ్చేది కూలి కాదు, మామూలు. ఇంటికి ఒక సోలెడు బియ్యం, నాలుగు గారెలు, పెద్దిల్లయితే ఒక పాత పంచె. ఈ మామూలు అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. కూలి అయితే ఇంతని అడగొచ్చు, తగ్గితే తగువు పడొచ్చు, నచ్చకపోతే మానెయ్యొచ్చు. మామూలుకి బేరం లేదు. వాళ్లు ఇచ్చిందే పుచ్చుకోవాలి. పుచ్చుకోనంటే మాత్రం ఊరుకోరు, ఎందుకంటే పుచ్చుకున్నంత కాలమే మనం కట్టుబడి ఉన్నట్టు లెక్క. ఇది దానమని రాసినోళ్లున్నారు. దానమైతే వద్దనే హక్కుండాలి కదా!

బళ్లో అయ్యోర్లకీ దసరా మామూలు ఉండేది. పిల్లల చేతికి విల్లంబులూ గిలకలూ ఇచ్చి పాటలు పాడించుకుంటూ ఇంటింటికీ తిరిగేవారు. ఇంటివాళ్లు అయ్యోరికి డబ్బులూ పంచెలూ, పిల్లలకి పప్పుబెల్లాలూ పెట్టేవారు. మాట ఒకటే, మర్యాద వేరు. ఆయన్ని అరుగు మీద కూచోబెట్టి ఇచ్చేవారు, మా అయ్యకి గోడ మీద నుంచి పడేసేవారు. మా చిన్నప్పుడు ఆ ఊరేగింపులో మా పేట గుంటలం అందరికంటే వెనక నడిచేవాళ్లం. బుగతోరి వీధీ అయింది, కోమట్ల వీధీ అయింది, సాలీల వీధీ అయింది, అక్కణ్ణుంచి వెనక్కి. మా పేటలోకి ఆ గిలకలు ఎప్పుడూ రాలేదు. మా దగ్గర ఇచ్చేందుకేముందని రాలేదేమో. కానీ నాయనమ్మ ఏటా గుమ్మంలో ఒక కొబ్బరికాయ పెట్టుకుని కూచునేది.

మా తాత రంగూను వెళ్లొచ్చినవాడు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలీలు బర్మాకి వలసపోయిన రోజులవి. బారువ, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల్లో స్టీమరెక్కేవారు. మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకుపోయేవాడు. అక్కడ బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ బస్తాలు మొయ్యడం. బర్మావాళ్లు తెలుగోళ్లని కోరంగీలనేవారు. 1930 మే నెలలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మొదలైన గొడవ ఊరంతా పాకి ఎందరో చచ్చిపోయారు. తాత ఆ గొడవ చూశాడు. అయినా ఉండిపోయాడు. ఎందుకున్నావంటే "అక్కడ బస్తాకింత అని లెక్కరా, బస్తా మోస్తే డబ్బు, మొయ్యకపోతే లేదు. మామూలని ఎవుడూ ఇవ్వడు" అనేవాడట. మేస్త్రీ బయానా కింద సగం కోసుకునేవాడు, అది వేరే సంగతి. దసరాకి ముందు మనియార్డరు వచ్చేది. ఆ ఏళ్లలోనే మా ఇంట్లో దసరాకి అప్పు లేకుండా పొయ్యి వెలిగిందని నాయనమ్మ చెప్పేది.

1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. తాత అరకాను దారిన నడిచి చిట్టగాంగు చేరి ఇంటికొచ్చాడు. వచ్చాక డప్పు ముట్టనన్నాడు. ఊరు ఆయన్నేమీ అనలేదు. మా అయ్యని పిలిచి మెడలో డప్పు తగిలించారు. అప్పటికి అయ్యకి పదేళ్లుంటాయి. వంతు ఇంటిది గానీ మనిషిది కాదు. తాత మానేస్తే అయ్య మీద పడింది.

మా అమ్మ పుట్టింటివాళ్లు బాప్టిస్టులు. కెనడా బాప్టిస్టు మిషను ఈ జిల్లాలో చాలాకాలం పనిచేసింది. సోంపేటలో ఆ మిషను డాక్టరు బెన్ గలిసన్ గారు కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన ఆస్పత్రికి సాయం చెయ్యడానికే 1963లో కెనడాలోని కాల్గరీలో ఒక సంస్థ పుట్టింది. నాయనమ్మ కంట్లో పొర తీయించుకున్నది ఆ ఆస్పత్రిలోనే. కట్టు విప్పాక మొదట చూసింది పక్క మంచం మీద ఊళ్లో రైతుల ముసలమ్మనట. ఇద్దరికీ ఒకటే గది, ఒకే రకం దుప్పటి. నాయనమ్మ ఆపరేషను గురించి చెప్పేది కాదు, ఆ దుప్పటి గురించే చెప్పేది.

అమ్మ ఆదివారం గుడికెళ్లేది. అయ్య నవరాత్రుల్లో డప్పు కొట్టేవాడు. పాస్టరుగారు విగ్రహం ముందు కొట్టడం పాపమనేవారు. ఊరు కొట్టకపోవడం తప్పనేది. మధ్యలో మా ఇల్లు. దసరా మామూలు బియ్యం అమ్మ వేరే కుండలో వండేది, తను తినేది కాదు. మేం తినేవాళ్లం. ఆకలికి ఏ కుండైతేనేం.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడన్నది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం పుచ్చుకున్న మాలమాదిగలు బీసీ-సి. పేటలోనే ఉంటారు, ఆ నుయ్యే, ఆ చావిడే, ఆ తిట్లే. కాగితం మీద మాత్రం మారిపోతారు. 1974లో నేను పదో తరగతి పాసై కాలేజీ స్కాలర్‌షిప్పు కోసం కుల ధ్రువపత్రం అడిగితే, విచారణకొచ్చిన ఉద్యోగి మా ఇంటి ముందు నిలబడి అడిగిన మొదటి ప్రశ్న "మీరు ఏ పండగలు చేస్తారు?" అని. అమ్మ మాట్లాడలేదు. అయ్య లోపలికెళ్లి దూలానికి వేలాడుతున్న డప్పు తెచ్చి చూపించాడు. "దసరాకి అమ్మోరి ముందు నానే కొడతాను బాబూ, ఊరోళ్లనడగండి" అన్నాడు. ఊరోళ్లనడిగారు. అవునన్నారు. కాగితం చేతికొచ్చింది. మమ్మల్ని గుడి బయట నిలబెట్టిన డప్పే మేం హిందువులమని సాక్ష్యం పలికింది. ఆ స్కాలర్‌షిప్పుతో నేను చదువుకుని మేష్టర్నయ్యాను.

అంతకుముందే ఉద్దానంలో ఒక పెద్ద గాలి వీచింది. 1968 నవంబరులో గరుడభద్రలో జనం భూస్వామి పంట కోశారు. 1969 మే 27న జలంత్రకోట దగ్గర పంచాది కృష్ణమూర్తినీ ఆయనతో ఉన్నవాళ్లనీ పోలీసులు కాల్చి చంపారు. డిసెంబరులో పంచాది నిర్మలనీ సుబ్బారావు పాణిగ్రాహినీ చంపారు. మధ్యలో వచ్చిన ఆ దసరాకి మా ఊళ్లో డప్పు మోగలేదు. చీకటి పడ్డాక గుమిగూడితే పోలీసులొస్తారని ఊరే వద్దంది. అయ్య జీవితంలో సెలవు దొరికిన దసరా అదొక్కటే. నేను చదివిన పుస్తకాల్లో ఆ పోరాటంలో రైతులున్నారు, గిరిజనులున్నారు, మేష్టర్లున్నారు. మా పేటల సంగతి ఒకటి రెండు వాక్యాలకి మించి నాకు కనబడలేదు.

1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ వార్త ఉద్దానం దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మరుసటేడు దసరాకి ముందు మా పేట కుర్రాళ్లు డప్పు కొట్టమన్నారు. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒకడు 1956 అక్టోబరు 14 గురించి చెప్పాడు. ఆ రోజు విజయదశమి, ఆ రోజే నాగపూర్లో అంబేడ్కర్ లక్షలమందితో బౌద్ధం తీసుకున్నాడు. అశోకుడు యుద్ధం మానిన రోజని దసరాని ఎంచుకున్నాడు. ఆ అశోకుడు యుద్ధం చేసింది మన కళింగలోనే, ఆయన శాసనం బరంపురం అవతల జౌగడ రాతి మీద ఇప్పటికీ ఉంది. ఈ మాటలు విని పేటలో ముసలోళ్లు కూడా తలూపారు. అయ్య ఊపలేదు.

"కొట్టకపోతే కూడెవులెడతార్రా?" అన్నాడు.

"కొట్టిన్నాళ్లూ ఏటెట్టినారు?" అంది అమ్మ. "ఆ గారెలు నాను ఇరవయ్యేళ్లుగా సూత్తన్నాను, మా గుంటల పొట్టలు ఎప్పుడైనా నిండినాయా?"

"మరి కాయితం? సిన్నోడి కాయితానికి ఏటి సూపిత్తాం?"

దానికి అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఉద్యమాల్లో తిరిగే తమ్ముళ్లకి ఇది చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. డప్పు మానెయ్యడం ఆత్మగౌరవం అని మనం తేలిగ్గా రాసేస్తాం. మా అయ్యకి ఆ తోలు వెనకాల సోలెడు బియ్యమూ ఉంది, కొడుకు చదువూ ఉంది.

చివరికి మానేశారు. ఊరు పలాస నుంచి బ్యాండు మేళం పిలిపించుకుంది. వాళ్లకి రోజుకింత అని డబ్బులిచ్చింది, తాత రంగూనులో చూసిన లెక్కే. మాకు మాత్రం తోటల్లో పని బందు, గట్ల మీద గడ్డి బందు. కార్తీకం దాటి కోతలొచ్చాయి. కోసేవాళ్లు కావాల్సొచ్చి ఊరే పిలిచింది. ఆ రెండు నెలలూ మా అప్ప పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి ఇల్లు నడిపింది. జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది. ఆ యేడు అట్లతద్దికి దాని స్నేహితురాళ్లు గోరింటాకు పెడితే నల్లబడిన వేళ్ల మీద రంగే తేలలేదు. బూడిద రాసి తోమీ తోమీ చూసుకుని, "ఈ నలుపే నయం, ఏడాదుంటాది" అని నవ్వింది.

ఉద్దానంలో దసరా అంటే తుఫానుల కాలం కూడా. 1999 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర దాటిన తుఫాను, 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ - మూడూ నవరాత్రుల్లోనే వచ్చాయి. తిత్లీకి లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. నష్టపరిహారం చెట్టుకింత అని రాసుకున్నారు. చెట్టు ఎవరి పేరనుంటే వాళ్లకి. చెట్టెక్కేవాడికి చెట్టు లేకపోతే బతుకేమిటన్న గడి ఆ ఫారాల్లో లేదు. మా పేట కుర్రాళ్లు ఆ నెలలోనే మూటలు కట్టుకుని హైదరాబాదు, చెన్నై రైళ్లెక్కారు. ఇప్పుడు దసరాకి వాళ్లే నిలబడ్డానికి చోటు లేని జనరల్ బోగీల్లో దిగుతారు. పిల్లలకి రెడీమేడ్ బట్టలు తెస్తారు, రెండు రోజులుండి పోతారు.

మా అన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది ఇంటింటి మాట. ఎందుకొస్తోందో ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, అన్న మాత్రం దగ్గరని సోంపేటకే వెళ్తాడు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగ్గంటలు. దసరాకి మిషను సెలవివ్వదు. పోయిన దసరానాడు నేనే తీసుకెళ్లాను. పక్క మంచం మీద బుగతోరి మనవడున్నాడు. అన్నని గుర్తుపట్టి, మీ నాన్న కొట్టిన డప్పు ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది, తోలు చిల్లుపడిందన్నాడు అన్న. తర్వాత ఇద్దరూ కొబ్బరికాయ ధర ఎంత పలుకుతోందో మాట్లాడుకున్నారు.