పెన్సిల్ లింకర్ నుంచి మ్యాప్ ఫైలు దాకా

వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ మొదలైనప్పుడు మైక్రోకంట్రోలర్ అనేదే లేదు. ఇంటెల్ మొదటి మైక్రోప్రాసెసర్ 4004 వచ్చింది 1971లో. లింకర్ కథ మాత్రం అప్పటికే నడుస్తోంది. 1952లో అమెరికాలో గ్రేస్ హాపర్ తయారుచేసిన ఏ-0ను కంపైలర్ అన్నా, అది ప్రధానంగా చేసింది వేరే పని: ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములను టేపు మీంచి ఏరి తెచ్చి, అడ్రసులు సర్ది, ఒకటిగా కూర్చడం. గద్వాల చీరలో నూలు నేతకు పట్టు అంచును, పట్టు కొంగును కలిపినట్టే, వేరువేరుగా తయారైన ముక్కలను లింకర్ కలుపుతుంది. అతుకు తప్పితే ముక్కలెంత బాగున్నా లాభం లేదు. మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టులు చాలాసార్లు ఆగిపోయేది ఈ అతుకు దగ్గరే. అయినా మన ల్యాబుల్లో కంపైలర్‌కు ఉన్న పరిచయం లింకర్‌కు లేదు.

1976లో వచ్చిన ఇంటెల్ 8085 ఆధారంగా చేసిన ట్రైనర్ కిట్లు పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలాయి. హెక్స్ కీప్యాడ్, ఎర్రటి అంకెల డిస్‌ప్లే, అంతే. కంపైలర్ లేదు, లింకర్ లేదు. విద్యార్థి నోట్సులో అసెంబ్లీ రాసుకుని, టేబుల్ చూసి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు కోడ్ వెతికి, బైటు బైటుగా నొక్కాలి. 2050 అడ్రసుకు జంప్ కావాలంటే సీ3, 50, 20 అని కొట్టాలి. అడ్రసులో రెండో సగం ముందు రావాలి. తిరగబడితే ప్రోగ్రాం ఎటో పోతుంది. మధ్యలో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మరిచిపోతే కిందున్న బైట్లన్నీ జరపాలి, జంపుల అడ్రసులన్నీ మళ్లీ లెక్కగట్టాలి. అంటే లింకర్ పనిని విద్యార్థే పెన్సిల్‌తో చేశాడన్నమాట. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరరు. కానీ అది చేసినవాళ్లకు అడ్రసంటే ఏమిటో మరొకరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఇంటెల్ 8051 వచ్చింది 1980లో. 4 కిలోబైట్ల ప్రోగ్రాం మెమరీ, 128 బైట్ల ర్యామ్. దీనికోసం జర్మనీకి చెందిన కీల్ సంస్థ 1988లో సీ51 కంపైలర్ విడుదల చేసింది. నేటికీ మన ఈసీఈ విద్యార్థుల్లో చాలామందికి మైక్రోకంట్రోలర్ అంటే ముందు గుర్తొచ్చే పేరు కీల్.

ఆ 128 బైట్ల ఇరుకులోంచే ఒక చిత్రమైన సమస్య పుట్టింది. పెద్ద కంప్యూటర్లో ఫంక్షన్‌కు చెందిన లోకల్ వేరియబుల్స్ స్టాక్‌లో ఉంటాయి. 8051లో అంత చోటెక్కడిది? అందుకే కీల్ లింకర్ ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోందో చూసి, ఒకేసారి నడవని ఫంక్షన్లకు ఒకే మెమరీ గదులు కేటాయిస్తుంది. మంచి ఉపాయం. అయితే ఒకే ఫంక్షన్‌ను మెయిన్ నుంచీ ఇంటరప్ట్ నుంచీ పిలిస్తే ఈ లెక్క తప్పుతుంది. మెయిన్ సగం పనిలో ఉండగా ఇంటరప్ట్ వచ్చి అవే గదుల్లో తన అంకెలు రాసేస్తుంది. లింకర్ దీన్ని పసిగట్టి ఎల్15 అనే వార్నింగ్ ఇస్తుంది. వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా అని విద్యార్థి ముందుకు పోతాడు. చిప్‌లోకి ఎక్కించే హెక్స్ ఫైలు వస్తుంది, బోర్డు పనిచేస్తుంది, ఎప్పుడో ఒకసారి డిస్‌ప్లే మీద పిచ్చి అంకె కనబడుతుంది. వైర్లు మారుస్తారు, చిప్ మారుస్తారు, కెపాసిటర్ మారుస్తారు. మార్చాల్సింది ప్రోగ్రాం: ఇంటరప్ట్‌కు విడిగా ఒక ఫంక్షన్ రాయాలి, లేదా ఉన్నదాన్ని రీఎంట్రంట్‌గా, అంటే పిలిచిన ప్రతిసారీ వేరే గదులు వాడేలా, ప్రకటించాలి.

మిగతా తిప్పలు ఇంతకన్నా చిన్నవి, కానీ రోజూ ఎదురయ్యేవి. సున్నా ఎర్రర్లు, సున్నా వార్నింగులు, అయినా హెక్స్ ఫైలు లేదు: అవుట్‌పుట్ ట్యాబ్‌లో ‘క్రియేట్ హెక్స్ ఫైల్’ దగ్గర టిక్ పెట్టి ఉండరు. ప్రింట్‌ఎఫ్ వాడగానే లింక్ ఆగిపోయింది: ఉచిత కీల్ వెర్షన్‌కున్న 2 కిలోబైట్ల పరిమితి దాటి ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొని, అమీర్‌పేటలో కోడ్ రాయించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్రాజెక్టు కాలేజీ సిస్టంలో హెడర్ ఫైలు దొరకలేదంటుంది: పాత సిస్టంలోని ఫోల్డర్ దారి సెట్టింగుల్లో అలాగే మిగిలి ఉంటుంది.

ఉచిత టూల్స్ ఈ పరిమితులను కొంత తెంచాయి. సందీప్ దత్తా మొదలుపెట్టిన ఎస్‌డీసీసీ కంపైలర్ 8051కు కోడ్ సైజు హద్దు లేకుండా దొరికింది. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థుల ఆలోచనగా పుట్టి, 1997లో ఆట్మెల్ ద్వారా మార్కెట్‌కొచ్చిన ఏవీఆర్ చిప్‌కు జీసీసీ అనే ఉచిత కంపైలర్ తోడైంది. విండోస్ వాళ్లకోసం ఆ సరంజామానంతా విన్‌ఏవీఆర్ పేరుతో ఒక మూటగా కట్టి ఇచ్చారు. దాని చివరి విడుదల 2010 జనవరిలో. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో ఈ మొత్తాన్నీ ఒక్క బటన్ వెనక దాచేసింది. పాలమూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు తొలిరోజే ఎల్‌ఈడీ వెలిగించగలిగాడంటే అది ఆ బటన్ చలవే.

దాచినంత మాత్రాన సమస్య పోలేదు. ఒక ఉదాహరణ చూద్దాం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, కరెంటు రాగానే మోటారును వాటంతటవే నడిపించే ఆటోస్టార్టర్లు తీసేయాలని అధికారులు రైతులను కోరారు. బోరు మోటారును ఫోన్‌తో నడిపే ప్రాజెక్టులకు ఈ ప్రాంతంలో అర్థం ఉన్నది అందుకే. రైతుకు తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాలనుకుందాం. జీఎస్‌ఎం మాడ్యూల్‌కు తెలుగు అక్షరాలను హెక్స్ అంకెలుగా ఇవ్వాలి, ఒక్కో క్యారెక్టర్‌కు నాలుగు. అంటే 70 క్యారెక్టర్ల సందేశానికి 280 బైట్లు. ఇలాంటివి ఆరు పెడితే 1680 బైట్లు, మామూలుగా అవన్నీ ర్యామ్‌లోకే చేరతాయి. ఆర్డుయినో యూనోలో ఉన్న ర్యామ్ మొత్తం 2048. కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, బోర్డు మాత్రం తనంతట తానే రీసెట్ అవుతూ ఉంటుంది. మెమరీ తక్కువగా ఉందని స్క్రీన్ కింద వచ్చిన హెచ్చరికను ఎవరూ చదవరు. సందేశాలను ఫ్లాష్‌లో ఉంచి అక్కడినుంచే చదివిస్తే చిక్కు విడిపోతుంది.

ఆర్మ్ కార్టెక్స్ చిప్‌లు వచ్చాక లింకర్ మళ్లీ తెరమీదికొచ్చింది. ఫ్లాష్ ఎక్కడ మొదలవుతుంది, ర్యామ్ ఎంత అనేది లింకర్ స్క్రిప్టులో ఉంటుంది. వేరే చిప్‌కు రాసిన స్క్రిప్టు తెచ్చి పెడితే ఫ్లాష్ పొంగిపోయిందని లింకర్ మొరపెట్టుకోవచ్చు, లేదా ఏమీ అనకుండానే బోర్డు మూగబోవచ్చు. స్క్వేర్‌రూట్ ఫంక్షన్ దొరకలేదని లింకర్ అంటే చాలాసార్లు మ్యాథ్ లైబ్రరీని చేర్చలేదని, లేదా కమాండులో దాన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లకన్నా ముందు పెట్టారని అర్థం.

ఆట్మెల్‌ను 2016లో కొన్న మైక్రోచిప్ సంస్థ 2023లో హైదరాబాద్‌లో కొత్త డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. ఉద్యోగాలు బస్సు దూరంలోకొచ్చాయి. అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల అధ్యాపకులు సెమిస్టర్‌లో ఒక్క ల్యాబ్ క్లాసు లింకర్‌కు కేటాయించాలి. కావాలని చెడగొట్టిన ప్రాజెక్టు ఇచ్చి, మొదటి ఎర్రర్ ఏదో వెతికించి, అది కంపైలర్ అన్నదా లింకర్ అన్నదా చెప్పించి, ఏ ముక్క ఏ అడ్రసులో పడిందో లింకర్ రాసిపెట్టే మ్యాప్ ఫైలు తెరిపించి బాగుచేయించాలి. ఇందుకు కొత్త సామాను అక్కర్లేదు, ల్యాబులో ఉన్న కంప్యూటర్లే చాలు.