నూలు చీర రెండో బతుకు

ఇంగ్లండ్ ఉత్తరాన, కంబ్రియా ప్రాంతంలో లెవెన్స్ హాల్ అనే పాత జమీందారీ భవనం ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లకు ఒక బొంతను ప్రత్యేకంగా చూపిస్తారు. 1708 ప్రాంతంలో ఆ ఇంటి ఆడవాళ్లు కుట్టారని చెప్పే ఆ బొంత, ఆ దేశంలో మిగిలిన అతుకుల బొంతల్లో అతి పాతవాటిలో ఒకటి. అందులో అతికిన ముక్కలు ఇంగ్లండ్ బట్టవి కావు. మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకపు నూలు బట్టవి. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, ఉతికినకొద్దీ నిగ్గు తేలే రంగులు. అలాంటి బట్టకు ఆ రోజుల్లో పుట్టిల్లు కోరమండల్ తీరం. ఆ తీరంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. డచ్చివాళ్లు 1605-06లో, ఇంగ్లిషువాళ్లు 1611లో అక్కడ వర్తకశాలలు పెట్టుకున్నది ముఖ్యంగా ఈ బట్ట కోసమే.

ఆ ఇంగ్లిషు ఆడవాళ్లు పేదవాళ్లు కారు. అయినా చిన్న పేలిక కూడా పారేయకుండా ఎందుకు అతికారంటే, అప్పటికి ఆ బట్ట దొరకడమే కష్టమైపోయింది. మన అద్దకాల దెబ్బకు తమ ఉన్ని, పట్టు నేతగాళ్లు కూలిపోతున్నారని ఇంగ్లండ్ పార్లమెంటు 1701 నుంచి వాటిని కట్టుకోవడాన్ని నిషేధించింది. చాలలేదని 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. ఫ్రాన్సు అంతకంటే ముందే, 1686లోనే, తలుపులు మూసింది. అంత విలువ గనక పేలికకు కూడా మర్యాద దక్కింది. మూడు వందల ఏళ్ల తర్వాత కూడా వాటిని చెమ్మ తగలకుండా, ఎండ సోకకుండా కాపాడుకుంటున్నారు.

అదే గోల్కొండ సుల్తానుల్లో ఒకరి పేరు మోస్తున్న ఊరు మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఇక్కడి పెద్ద చెరువు తవ్వించారు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయనే. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే బాట ఈ ఊరికి పక్కనే, హయత్‌నగర్ మీదుగా పోయేది. బట్టల మూటలు, ఉప్పు, వజ్రాలు, వర్తకులు అందరిదీ ఆ దారే. ఇన్ని ఆధారాలున్నా, ఈ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లు తరతరాలుగా కుట్టిన బొంతల గురించి మాత్రం ఏ చరిత్ర పుస్తకం పేజీ కేటాయించలేదు. రాజు తవ్వించిన చెరువుకు లెక్క ఉంది. ఏటా దసరా ముందు ఆ చెరువు గట్టున ఉతికి ఆరేసిన బొంతలకు లెక్క లేదు.

బొంత ఎలా పుడుతుందో ఈ తరానికి చెప్పాల్సి వస్తోంది. పంట ఇంటికొచ్చి, చేలో పని తెరిపిచ్చిన ఎండాకాలపు మధ్యాహ్నాలు దానికి అదను. వాకిలి అలికి, ఆరాక, కిందికి కాస్త గట్టిగా ఉన్న పాత చీర పరుస్తారు. దాని మీద చిరిగిన పంచెలు, చినిగిన రవికెలు విప్పదీసిన ముక్కలు, తువ్వాళ్లు, పిల్లల లాగులు. ఎక్కడ పలచగా ఉందో అరచేత్తో తడిమి చూసి అక్కడ ఇంకో ముక్క వేస్తారు. ఈ తడిమి చూడడంలోనే పనితనమంతా ఉంది. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం వచ్చిందా, పడుకున్నవాళ్లకు రాత్రంతా తెలుస్తుంది. పైన కంటికి నచ్చిన చీర కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముందు దూరం దూరంగా టాకాలు వేసి కదలకుండా చేస్తారు. ఆ తర్వాత పెద్ద సూది, ముతక దారం పట్టుకుని నలుగురు నాలుగు వైపులా కూర్చుంటారు. కుట్టు చాలా మామూలుది, ముందుకు పోయే నడక కుట్టు. కానీ వేల కుట్లు. చివర్లో చుట్టూ చీర అంచు పట్టీగా వేస్తే బొంత అంచులు చిరగవు.

ఇంట్లో తీరిక లేనివాళ్లు కుట్టించుకునేవాళ్లు. తెలంగాణ పల్లెల్లో బుడగ జంగాల ఆడవాళ్లు ఊరూరా తిరిగి బొంతలు కుట్టేవాళ్లు. ఒకప్పుడు కూలి గింజల రూపంలోనే. ఊరి చివర గుడారం వేసుకున్న మనిషి చేతిలో, ఆ ఊరి ప్రతి ఇంటి పాత చీర గుర్తు ఉండేది. ఏ ఇంట్లో పెళ్లయింది, ఏ ఇంట్లో ముసలాయన పోయాడు అన్నది ఆమెకు బట్టల మూట విప్పితే తెలిసిపోయేది. పాటలు పాడి, కథలు చెప్పి బతికిన కులంగా బుడగ జంగాలకు జానపద పరిశోధనల్లో చోటు దొరికింది. వాళ్ల ఆడవాళ్ల సూదికి మాత్రం ఆ చోటు దక్కలేదు. నాకిది పెద్ద అన్యాయంగా తోస్తుంది. ఎందుకంటే కథ విన్న రాత్రి జనం పడుకున్నది ఆ బొంతల మీదే.

ఊళ్లో మేరోళ్ల మిషను దగ్గర మిగిలిన కత్తిరింపులకు వేరే దారి ఉండేది. వాటితో పసిపిల్లల కుల్లాయిలు, చిన్న చిన్న పిల్ల బొంతలు, బొడ్లో దోపుకునే ఆకువక్కల సంచులు పుట్టేవి. పుట్టిన బిడ్డను కొత్త బట్టలో కాకుండా, పదేపదే ఉతికి మెత్తబడిన పాత నూలు బట్టలో చుట్టాలన్నది మన ఇళ్లలో పాత ఆచారం. దాన్ని శాస్త్రం కూడా తప్పు పట్టలేదు. లేత చర్మానికి మెత్తబడిన నూలును మించింది లేదు.

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల, యాచారం వైపు వెళ్తే తండాలు మొదలవుతాయి. అక్కడ గుడ్డముక్క చరిత్ర ఇంకో రకం. లంబాడీలు స్థిరపడకముందు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన వర్తకులు. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులతో సాగే వాళ్ల బిడారుల గురించి రాశాడు. దారి మూసుకుపోతే తన బండి రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదని కూడా చెప్పాడు. ఇల్లు లేనివాళ్లకు ఆస్తి ఒంటి మీదే ఉండాలి. అందుకే లంబాడీ ఆడవాళ్లు ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలమీది ముసుగు)ల మీద రంగురంగుల బట్టముక్కలు అతికి, అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టి, తమ సంపదను మోసుకు తిరిగారు. నెత్తిన బిందె కింద పెట్టే చుట్టకుదురుకు కూడా గవ్వలు కుట్టారు. సికిందరాబాదుకు 1874లో రైలు వచ్చాక ఎద్దుల వర్తకం కుదేలైంది. బ్రిటిష్ ఏలుబడి ప్రాంతాల్లో 1871 చట్టం తిరుగుడు బతుకునే నేరంగా చూసింది. తండాలు నేలకు అంటుకున్నాయి. తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డు తెగల్లో చేర్చడానికి 1976 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ పాత ఫేటియాల్లో చాలా భాగం ఈనాడు తండాల్లో లేదు. పట్నం వ్యాపారులు కొని, కోసి, సంచులకూ దిండు గలీబులకూ అతికి అమ్మారు. కొనేవాళ్లకు అది అందమైన ముక్క. దాన్ని కుట్టిన మనిషి పేరు, తండా పేరు ఆ కత్తెరతోనే తెగిపోయాయి. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన తండాల సూదిపనికీ అంత శ్రద్ధ దక్కాలి.

బొంత ఎందుకు పోయింది? సోమరితనం వల్ల పోయిందని పెద్దవాళ్లు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బొంత పోయింది నూలు చీర పోవడం వల్ల. 1970ల చివరి నుంచి పాలిస్టర్ చీర ఊళ్లలోకి వచ్చింది. 1985 జూన్‌లో కేంద్రం ప్రకటించిన జౌళి విధానం కృత్రిమ పోగులకు దారులు పూర్తిగా తెరిచింది. చవక, రంగు పోదు, ఇస్త్రీ అక్కర్లేదు, వానలో తడిస్తే గంటలో ఆరిపోతుంది. కూలికి పోయే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆమె ఎంపికను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ చీరకు రెండో బతుకు లేదు. నూలు గాలిలోని తేమను తన బరువులో 8 శాతం దాకా పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే దాని మీద పడుకుంటే వీపు ఉడుకుతుంది. పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, సూది నిలవదు. ఎన్నేళ్లు కట్టినా మెత్తబడదు, చిరిగేనాటికి కూడా కొత్తదానిలాగే బిర్రుగా ఉంటుంది.

ప్రభుత్వాల చీరల చరిత్రలోనూ ఈ మలుపు కనిపిస్తుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పేదలకు సగం ధరకు ఇచ్చినవి చేనేత జనతా వస్త్రాలు. ముతకవే, కానీ నూలువి, చిరిగాక బొంతకు పనికొచ్చినవి. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన బతుకమ్మ చీరలు ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్‌వి. ఆ చీరలు సిరిసిల్లలో ఎన్నో కుటుంబాలకు పని ఇచ్చాయి, అది చిన్న విషయం కాదు. అయినా ఆడబిడ్డకు పండగ చీర పెట్టేటప్పుడు దాని రెండో బతుకును కూడా తలచుకుంటే బాగుండేది.

ఇక పాత బట్టలకు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు ఇచ్చేవాళ్లు వీధిలోకి వచ్చాక మిగిలిన నూలు చీరలూ మూటకెక్కాయి. బదులుగా ఇంట్లోకి షోలాపూర్ దుప్పట్లు, తర్వాత పానిపట్ రగ్గులు వచ్చాయి. షోలాపూర్ మగ్గాల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది మన తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలే. పానిపట్‌లో ప్రపంచం విప్పి పారేసిన ఉన్ని బట్టల్ని చీల్చి, దారం తీసి రగ్గులు నేస్తారు. అంటే పాత బట్టతో కప్పుకునే దుప్పటి తయారవడం ఆగలేదు, ఇంటి ఆడవాళ్ల చేతిలోంచి ఫ్యాక్టరీకి మారింది. మారడంలో పోయింది ఒక్కటే, ఆ బట్ట ఎవరిదో తెలియడం.

ఈ తెలియడానికి ఎంత విలువ ఉందో ఇతరులు గుర్తించారు. బెంగాల్‌లో గురుసదయ్ దత్ అనే ఐసీఎస్ అధికారి 1930ల్లో జిల్లాలు తిరుగుతూ పల్లె ఆడవాళ్లు పాత చీరలతో కుట్టిన కాంథాలను సేకరించాడు. కోల్‌కతా దగ్గర జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో అవి ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్ అనే ఊరి కథ ఇంకా బలమైనది. అది ఒకనాటి పత్తి తోట. ఊళ్లో చాలామంది ఇంటిపేరు పెట్‌వే, అంటే తమ ముత్తాతలను బానిసలుగా పెట్టుకున్న యజమాని పేరు. పత్తి ఏరిన ఆ నల్లజాతి ఆడవాళ్లు, మోకాళ్ల దగ్గర వెలిసిన పని లాగుల ముక్కలతో చలికి బొంతలు కుట్టుకున్నారు. 1966లో సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో ఆ బొంతలు మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. పత్తి చేలో పనిచేసి, పాత బట్టతో బొంత కుట్టుకున్న ఆడవాళ్లు మన రంగారెడ్డి, నల్లగొండ జిల్లాల్లోనూ ఉన్నారు. తేడా వాళ్ల పనితనంలో లేదు, చూసే కళ్లలో ఉంది.

మళ్లీ కుట్టాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. నూలు, పాలిస్టర్ కలపకండి. ఉతికినప్పుడు ఒకటి కుదించుకుపోయి, ఇంకోటి కుదించుకోక బొంత ముడతలు పడుతుంది. ఏది నూలో అనుమానముంటే ఒక పోగు తీసి వెలిగించండి. నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. కొత్త ముక్కల్ని ముందే ఉతికి ఆరబెట్టండి. టైలరు దగ్గర మిగిలే కత్తిరింపులు అడిగితే చాలామంది ఊరికే ఇస్తారు. మొదటిసారి పెద్ద బొంత జోలికి పోకుండా పిల్ల బొంతతో మొదలుపెట్టండి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మహిళా సంఘాల్లో మిషను కుట్టు నేర్చినవాళ్లకు కొదవ లేదు. చేతి కుట్టు తెలిసిన పెద్దావిడను వాళ్ల పక్కన కూర్చోబెడితే చాలు.

ఇంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఇంట్లో అటక మీదో, పెట్టె అడుగునో పాత బొంత ఉంటే, దాన్ని కుట్టిన అవ్వ ఇంకా ఉంటే, ఆమె పక్కన కూర్చుని ఒక్కో ముక్కా ఎవరిదో అడగండి. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకోండి, ఊరి పేరు, కుట్టిన మనిషి పేరు, ఏ ఏడో వేయండి. ఫోటో తీయండి. హైదరాబాద్‌లోని మ్యూజియంలు నిజాముల కత్తులకు, కుర్చీలకు ఇచ్చినట్టే తెలంగాణ బొంతలకూ ఒక గది ఇవ్వాలి. లంబాడీ ఫేటియాకు, బుడగ జంగం బొంతకు పక్కనే కుట్టిన మనిషి పేరు రాసి పెట్టాలి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. అడగడం ఈ వారమే మొదలుపెట్టండి.