పేరు చెప్పని పడికట్టు రాళ్లు

సింధ్‌లోని మొహెంజొదారో అనగానే పాఠ్యపుస్తకాలు చూపించేది గడ్డం మనిషి బొమ్మ. జానెడు పొడవు కూడా లేని ఆ రాతి ముక్కకు ‘పూజారి రాజు’ అని పేరు పెట్టింది తవ్వినవాళ్లే. అతను పూజారో, రాజో, రెండూ కాదో బొమ్మ మాత్రం చెప్పదు. ఆ నగరాన్ని ఎవరు నడిపారో తెలుసుకోవాలంటే బొమ్మను వదిలి, అదే మట్టిలో దొరికిన తూకం రాళ్లను పట్టుకోవడం మేలు. చెకుముకి జాతి రాతిని ఘనాకారపు ముక్కలుగా కోసి నున్నగా సానపట్టారు. సాధారణంగా వాటి మీద గీత ఉండదు, అక్షరం ఉండదు. బరువుల్లో మాత్రం గట్టి లెక్క ఉంది: 1, 2, 4, 8, 16, 32, 64. వీటిలో పదహారు రెట్ల రాయి సుమారు 13.7 గ్రాములు. (మన పాత అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి కూడా ఈ వరసే. ఆ కాలం నుంచి ఇక్కడిదాకా తాడు లాగడానికి నాకు ధైర్యం చాలదు గానీ, సగం చేయడం, రెట్టింపు చేయడం తక్కెడకు పుట్టుకతో వచ్చిన గుణం.)

ఇవే కొలతలు సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని హరప్పాలోనూ, గుజరాత్‌లోని లోథాల్‌లోనూ దొరికాయి. వందల ఏళ్లపాటు పెద్దగా మారలేదు. ఇంత ఒద్దిక ఉందంటే వెనక ఒక చక్రవర్తి ఉండి తీరాలని చాలామంది వాదం. అదే కాలపు మెసొపొటేమియాను చూస్తే ఆ వాదం బలంగానే కనిపిస్తుంది. అక్కడ బాతు ఆకారపు తూకం రాళ్ల మీద కొన్నిచోట్ల రాజు పేరే చెక్కి ఉంటుంది. కానీ నాకు అక్కడే తేడా దొరుకుతోంది. పేరు చెక్కిన రాయిని నమ్మాలంటే ముందు ఆ పేరును నమ్మాలి. రెట్టింపు వరస రాళ్లకు ఆ పూచీ అక్కర్లేదు. ఒకే బరువున్న రెండు చిన్న రాళ్లను ఒక పళ్లెంలో, పై రాయిని రెండో పళ్లెంలో వేస్తే మోసం అక్కడికక్కడే తేలిపోతుంది. చదువు రాని బేరగాడైనా పరీక్షించుకోగలడు. మొహెంజొదారోలో రాగి తక్కెడ పళ్లేలు కూడా దొరికాయి.

అయితే వరస సరిచూసుకోవచ్చు గానీ, మొదటి రాయి ఎంత ఉండాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా? నిజమే. హరప్పాలో కోట వాకిళ్ల దగ్గర ఈ రాళ్లు ఎక్కువగా దొరికాయి. సుంకం వసూలుకు వాడి ఉంటారని పురావస్తు శాస్త్రవేత్త కెనోయర్ ఊహ. అది కాదనలేం. వాకిట్లో సుంకం ఉందంటే పెత్తనం ఉన్నట్టే. కానీ ఊరి వాకిట్లో పెత్తనం వేరు, వందల మైళ్ల మీద పెత్తనం వేరు. మొహెంజొదారోలో రాజప్రాసాదమని గాని, రాజు సమాధి అని గాని ఖాయంగా చెప్పగలిగిన కట్టడం ఇంతవరకూ బయటపడలేదు.

గల్ఫ్‌లోని బహ్రెయిన్ సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. నాటి దిల్మున్ అదే. సింధు నగరాల ఏలుబడి అక్కడికి చేరిందని ఎవరూ అనరు. అయినా అక్కడి వర్తకులు పట్టుకున్నది ఈ ఘనాకారపు రాళ్ల కొలతనే. మెసొపొటేమియాలోని ఊర్ నగరపు క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టిపలకల్లో, ఓడలో దిగిన రాగిని లేఖరులు ‘దిల్మున్ తూకం’లో రాసుకుని తమ తూకంలోకి మార్చుకున్నారు. ఆ లెక్క నడుస్తున్న నాటికి మొహెంజొదారో వీధులు పాడుబడి ఉన్నాయి.