ఒక గాజు పోగు, నూరు రంగులు

ఎడిసన్ నుంచి మాట్లాడుతున్నాను.

కిందటి ఆదివారం మా అమ్మతో వీడియోలో గంటన్నర మాట్లాడాను. అందులో సగం సేపు ఆవిడ ఫోనును పచ్చడి జాడీకి ఆనించి పెట్టి వంట చేసుకుంటూనే ఉంది. ఇద్దరికీ తొందర లేదు.

1999లో ఇలా ఉండేది కాదు. తెనాలి దగ్గర మా పల్లెలో మాకు ఫోను లేదు. న్యూజెర్సీలో ఉన్న మా బాబాయి రెండు వారాలకోసారి ఎదురింటి వాళ్ళ ఫోనుకు చేసేవాడు. నానమ్మ గంట ముందే వెళ్ళి అక్కడ కూర్చునేది. తీరా ఫోను మోగాక, "బాగున్నావా నాయనా, వేళకు తింటున్నావా" అని అడిగి, ఊళ్ళో విషయాలు మొదలుపెట్టేసరికి కార్డులో నిమిషాలు అయిపోయేవి. మీలో చాలామంది ఆ కార్డులు గీకి, అంత పొడుగు నంబర్లు నొక్కినవాళ్ళే.

అప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం జరిగిందో ఈవేళ చెప్పుకుందాం. ఈ కథలో చాలా భాగం మనకు అరగంట దూరంలో జరిగింది. మా బాబాయి కూడా ఇందులో ఉన్నాడు.

మొదలు మన ఊరికి పేరిచ్చిన థామస్ ఎడిసన్ దగ్గరే. 1874లో ఆయన ఒకే తీగ మీద ఒకేసారి నాలుగు టెలిగ్రాములు, ఇటు రెండు, అటు రెండు, పంపే పద్ధతి కనిపెట్టాడు. కొత్త స్తంభాలు పాతక్కర్లేదు, కొత్త తీగ లాగక్కర్లేదు. ఆ హక్కుల కోసం జే గౌల్డ్ అనే షావుకారు 30,000 డాలర్లు ఇచ్చాడు. 1876లో ఎడిసన్ మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టడానికి ఆ డబ్బూ పనికొచ్చింది. ఆ మెన్లో పార్కు ఇప్పుడు మన ఎడిసన్ టౌన్‌షిప్పులోనే ఉంది. ఉన్న దారిలోనే ఎక్కువ మాటలు పంపాలన్న ఈ ఆలోచనకే ఇంజనీర్లు మల్టీప్లెక్సింగ్ అని పేరు పెట్టుకున్నారు.

ఇక 1988కి వద్దాం. ఆ డిసెంబరులో టాట్-8 అనే కేబులు పని మొదలుపెట్టింది. అట్లాంటిక్ సముద్రం కింద వేసిన మొదటి గాజు పోగుల కేబులు అదే. దాని అమెరికా కొస మన రాష్ట్రంలోని టకర్టన్ దగ్గర ఒడ్డెక్కింది. ఒకేసారి దాదాపు 40,000 ఫోను సంభాషణలు మోయగలిగేది. అయితే ఒక్కో పోగులో ఒకే రంగు కాంతి పోయేది.

రంగు అంటే కంటికి కనబడేది కాదు. ఇది ఎరుపుకు అవతల ఉండే కాంతి. అందులోనూ రకరకాల తరంగదైర్ఘ్యాలు ఉంటాయి, వాటినే రంగులు అనుకుందాం. మనం రేడియోలో ఉన్నాం కనుక రేడియోతోనే చెబుతాను. మీ ఇంట్లో ఉన్న గాలిలోనే ఎన్నో స్టేషన్లు ఉన్నాయి. అవి ఒకదానికొకటి అడ్డు రావు. మీరు మీట తిప్పి కావలసినది పట్టుకుంటారు. గాలికి బదులు వెంట్రుకంత గాజు పోగు, స్టేషన్లకు బదులు రంగులు అనుకోండి. ఈ కొసన రంగులన్నీ కలిపి పంపడం, ఆ కొసన విడదీసుకోవడం. వేవ్‌లెంగ్త్ డివిజన్ మల్టీప్లెక్సింగ్ అంటే ఇంతే.

చెప్పడం తేలికే గానీ రెండు చిక్కులు ఉండేవి. మొదటిది దూరం. ఎంత మంచి గాజయినా 15 కిలోమీటర్లు పోయేసరికి కాంతి సగమవుతుంది. 100 కిలోమీటర్లకు నూటికి ఒక వంతు మిగులుతుంది. కాబట్టి దారిలో అక్కడక్కడా కాంతిని ఆపి, విద్యుత్తుగా మార్చి, మళ్ళీ కొత్త కాంతిగా పంపేవారు. పది రంగులుంటే ప్రతి చోటా పది పెట్టెలు కావాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

1987లో దీనికి మందు దొరికింది. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, మన న్యూజెర్సీలో బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయెల్ డెసూర్వీర్ బృందం, ఎర్బియం అనే లోహం కాస్త కలిపిన గాజుతో కాంతిని కాంతిగానే పెంచి చూపించారు. అన్ని రంగులకూ కలిపి ఒకే పెట్టె చాలు.

రెండో చిక్కు ఇంకా విచిత్రమైనది. అప్పటికి కొత్తగా వచ్చిన మేలురకం పోగులో రంగులన్నీ దాదాపు ఒకే వేగంతో పోయేవి. అదే మేలనుకున్నారు. కానీ పక్కపక్కనే అడుగు తప్పకుండా నడిచే రంగులు ఒకదానితో ఒకటి కలిసి, ఎవరూ పంపని కొత్త రంగులు పుట్టించి, మాటల్ని చెడగొట్టేవి. హోమ్‌డెల్ దగ్గర క్రాఫర్డ్ హిల్ ప్రయోగశాలలో ఆండ్రూ క్రాప్లివీ, రాబర్ట్ కాచ్ ఈ సంగతి పరిశోధించి, రంగుల వేగాల మధ్య కాస్త తేడా ఉండేలా 1993 నాటికి కొత్త పోగు రూపొందించారు. కొంచెం ఎడం ఉంటేనే ఎవరి మాట వారికి నిలిచింది. ఆ ఇద్దరికీ 2009లో మార్కోనీ బహుమతి వచ్చింది.

తర్వాత అంతా పరుగే. 1996లో సియెనా కంపెనీ 16 రంగుల పరికరం అమ్మకానికి తెచ్చింది. అదే ఏడు బెల్ ల్యాబ్స్, జపానుకు చెందిన ఫుజిత్సు, ఎన్‌టీటీ, మూడూ ఒకే పోగులో సెకనుకు ఒక టెరాబిట్, అంటే లక్ష కోట్ల బిట్లు పంపి చూపించాయి.

మా బాబాయి ఆ ఊపులోనే 1998లో ఇక్కడికి వచ్చి, ఇలాంటి పరికరాలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. రోజుకు పన్నెండు గంటలు పని. ఫోనులో నానమ్మకు "గాజులో దీపాలు పెడతానమ్మా" అని చెప్పేవాడు.

2001లో మార్కెట్టు కూలింది. అసలు కారణాలు చాలా ఉన్నాయి, పిచ్చి అంచనాలు, అప్పులు. అయితే ఈ విద్య పాత్ర కూడా ఉంది. అప్పటికే కోట్ల డాలర్లు పోసి పాతిన పోగులో రంగులు పెంచితే చాలు, సామర్థ్యం పదింతలవుతుంది. ఇక కొత్త కేబుళ్ళు, కొత్త పెట్టెలు ఎవరికి కావాలి? 1999 చివర 80 డాలర్లు దాటిన లూసెంట్ షేరు 2002లో డాలరు కిందికి పడింది. 2002 వేసవికి ముందు మా బాబాయి ఉద్యోగం పోయింది. హెచ్-1 వీసా మీద ఉన్నవాడు, ఎన్నాళ్ళు ఆగుతాడు? రెండు సూట్‌కేసులతో ఇంటికొచ్చాడు. ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కోటి అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు.

అదే 2002లో చెన్నై నుంచి సింగపూరుకు ఐటూఐ కేబులు వేశారు. ఎనిమిది జతల పోగులు, జతకు 105 రంగులు, రంగుకు 10 గిగాబిట్లు. నిండుగా వాడితే 8.4 టెరాబిట్లు. ఆ ఏప్రిల్‌లోనే విదేశీ ఫోన్ల మీద వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యమూ పోయింది. మన రాష్ట్రం కేంద్రంగా టైకో కంపెనీ రెండువందల కోట్ల డాలర్లకు పైగా పోసి వేసిన ప్రపంచవ్యాప్త కేబుళ్ళను 2005లో అదే వీఎస్‌ఎన్‌ఎల్ 13 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఫోను చవకయింది. హైదరాబాదులో కూర్చుని న్యూయార్కు బ్యాంకు పని చెయ్యడం మామూలయింది. పదేళ్ళ తర్వాత నా మొదటి ఉద్యోగం సరిగ్గా అలాంటిదే.

పోయిన వేసవిలో బాబాయిని, పిన్నిని ఇక్కడికి పిలిపించాను. గుంటూరు దగ్గర కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. హోమ్‌డెల్‌లో పాత బెల్ ల్యాబ్స్ భవనానికి తీసుకెళ్ళాను. ఇప్పుడు దాన్ని బెల్ వర్క్స్ అంటున్నారు, లోపల ఊరి గ్రంథాలయం, కాఫీ కొట్లు ఉన్నాయి. పిల్లలు పరుగెడుతుంటే కాసేపు చూసి, "మేం పాతించిన పోగులు ఇంకా వాడుతున్నారంటావా?" అని అడిగాడు.

"వాడుతున్నారు బాబాయ్. చాలాచోట్ల పోగు అదే, కొసల్లో పెట్టెలే మార్చారు. అప్పుడు రంగుకు పది గిగాబిట్లు పోతే, ఇప్పుడు వందలు పోతున్నాయి" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు. రాత్రి మాత్రం మా అమ్మకు వీడియో కాల్ చేసి, "వదినా, నేను పెట్టిన దీపం ఇంకా వెలుగుతోందంట" అని చెప్పాడు.

2001, 2002లలో ఇలా ఉద్యోగాలు పోయినవాళ్ళు మన ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. కొందరు వేరే పనులకు మళ్ళి నిలదొక్కుకున్నారు, కొందరు మా బాబాయిలా వెనక్కి వెళ్ళారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటివారుంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి, అప్పుడేం చేసేవారని. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

సెలవు.